చేతక్ హెలికాప్టరు, మన బడి ల్యాబు

పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం



"ఇంజనీరువి గదా అన్నా, టెక్నాలజీ గురించి నాలుగు మాటలు చెప్పు" అని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. కొత్త టెక్నాలజీ గురించి మీ పిల్లలే మీకు రోజూ చెప్తుంటారు. అందుకే నేను ఒక పాత హెలికాప్టర్ గురించి చెప్తాను. చివర్లో మన బడి వెనక ఉన్న పెంకుల షెడ్డు గురించి ఒక మాట అడుగుతాను. ఈ రెండింటికీ సంబంధం ఉంది.

1982లో నేను తొమ్మిదో తరగతి. ఒక పెద్ద నాయకుడి సభ కోసం మన గ్రౌండులో హెలికాప్టర్ దిగుతుందని చెప్పారు. ముందురోజు సున్నంతో పెద్ద గుండ్రం గీశారు. దుమ్ము లేవకుండా మాతోనే బిందెలతో నీళ్లు చల్లించారు. మన ఎర్రమట్టి సంగతి తెలుసు కదా, ఎన్ని బిందెలు పోసినా తాగేసింది. హెలికాప్టర్ దిగేసరికి గ్రౌండంతా ఎర్రటి మబ్బు. తువ్వాళ్లు, టోపీలు ఎగిరిపోయాయి. షెడ్డు మీది పెంకులు మూడు లేచిపోయాయి. నాయకుడు ఏం మాట్లాడాడో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. ఆయన మాట్లాడినంతసేపూ నేను తాడు పట్టుకుని హెలికాప్టర్నే చూస్తూ నిలబడ్డాను. ముందుభాగం అంతా అద్దాలు. పైన మూడు రెక్కలు. వెనక ఇంజను మీద మూతే లేదు, గొట్టాలన్నీ బయటికి కనబడుతున్నాయి. తోక చివర చిన్న ఫ్యాను.

మర్నాడు ఫిజికల్ సైన్స్ క్లాసులో లేచి అడిగాను. "సార్, పైన రెక్కలు లేపుతయి గదా. మరి తోకకు ఆ చిన్న ఫ్యాను ఎందుకు?"

సారు కాసేపు ఆలోచించారు. "నాకు తెల్వదురా. కనుక్కొని చెప్త" అన్నారు.

క్లాసంతా నిశ్శబ్దం. తెలియదు అన్న సారును మేం అంతకుముందు చూడలేదు. శనివారం మధ్యాహ్నం ఆయన హైదరాబాద్ బస్సెక్కారు. అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి వెళ్లారని తర్వాత తెలిసింది. సోమవారం మమ్మల్ని వేపచెట్టు కిందికి తీసుకుపోయారు. కొమ్మకు ఒంటి తాడు కట్టి, తాడు చివర పాత టైరు వేలాడదీశారు. అందులో నన్ను కూర్చోబెట్టారు. చేతికి ఒక సైకిల్ చక్రం ఇచ్చారు. బరువు కోసం దాని రిమ్ము చుట్టూ ఇనుప తీగ చుట్టి ఉంది. చక్రాన్ని నేలకు సమాంతరంగా, గొడుగులాగ పట్టుకోమన్నారు. "ఇప్పుడు గట్టిగ తిప్పు" అన్నారు. చక్రం కుడికి తిరిగింది. నేను టైరుతో సహా ఎడమకు తిరిగాను. క్లాసంతా నవ్వింది.

"చూసిన్రా? రెక్కలు ఒక దిక్కు తిరిగితే కింద ఒళ్లు ఇంకో దిక్కు తిరగాలని చూస్తది. తోక దగ్గర ఫ్యాను అడ్డంగ తోసి దాన్ని ఆపుతది. ఆ ఫ్యాను లేకుంటే లోపల కూసున్నోళ్లు వీని లెక్కనే గిర్రున తిరుగుతరు."

నేను ఇంజనీరునైంది ఆ రోజే అనుకుంటాను. డిగ్రీ పట్టా తర్వాత ఎప్పుడో వచ్చింది. మా సారు ముందు వరుసలోనే ఉన్నారు. పేరు చెప్తే ఆయనకు నచ్చదు. మీ అందరికీ తెలుసు.

ఇప్పుడు గోవాకు వద్దాం. మూడేళ్ల కింద కుటుంబంతో వెళ్లాం. ఇంట్లోవాళ్లు సముద్రం దగ్గరికి పోయారు. నేను డబోలిం విమానాశ్రయం పక్కనే, బోగ్‌మాలో రోడ్డు మీద ఉన్న నౌకాదళ విమాన మ్యూజియానికి పోయాను. 1998లో పెట్టారు దాన్ని. ఆవరణలో సీ హారియర్, అలిజే, పెద్ద సూపర్ కాన్‌స్టెలేషన్ లాంటి పాత విమానాలన్నీ ఉన్నాయి. వాటి మధ్య ఒక హెలికాప్టర్ దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. అద్దాల ముక్కు, మూడు రెక్కలు, మూత లేని ఇంజను, తోకకు ఫ్యాను. మన గ్రౌండులో దిగిన రకమే. పేరు చేతక్.

దీని కథ కొంచెం చెప్తాను. ఇది పుట్టింది ఫ్రాన్సులో. అక్కడ దీని పేరు అలూయెట్ 3. అలూయెట్ అంటే వాళ్ల భాషలో ఆకాశంలో పాడుతూ ఎగిరే ఒక చిన్న పిట్ట. మొదటిసారి ఎగిరింది 1959 ఫిబ్రవరి 28న. దీనికంటే ముందు, 1955లో ఎగిరిన అలూయెట్ 2 హెలికాప్టర్ల చరిత్రనే మార్చింది. అంతకుముందు హెలికాప్టర్లకు పిస్టన్ ఇంజన్లు ఉండేవి. మన వైమానిక దళంలో మొదట చేరిన అమెరికా సికోర్‌స్కీ ఎస్-55 అయినా, తర్వాత వచ్చిన రష్యా ఎంఐ-4 అయినా అంతే. ఇంజను ఎంత పెద్దదంటే ముక్కు భాగమంతా దానికే పోయేది. ఈ రెండూ ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో ఉన్నాయి, అటు వెళ్లినప్పుడు చూడండి. అలూయెట్‌లో చిన్న గ్యాస్ టర్బైన్ పెట్టి, దాన్ని వెనకకు, పైకి జరిపారు. ముందంతా మనుషులకు మిగిలింది. పైలట్‌తో కలిపి ఏడుగురు కూర్చోవచ్చు. సీట్లు తీసేస్తే స్ట్రెచర్లు పెట్టవచ్చు. పక్కన తాడు, గిలక కట్టి మనిషిని నీళ్లలోంచి లాగవచ్చు.

1962లో చేతక్ మన దళంలో చేరింది. అదే సంవత్సరం హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ ఫ్రాన్సుతో లైసెన్సు ఒప్పందం చేసుకుంది. బెంగుళూరులో కూర్చిన మొదటి హెలికాప్టర్ 1965 జూన్‌లో ఎగిరింది. రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టారు. మన దేశంలోనే 350కి పైగా తయారయ్యాయి. రుమేనియా, స్విట్జర్లాండ్ కూడా లైసెన్సు తీసుకుని కట్టుకున్నాయి. ప్రపంచం మొత్తం మీద రెండు వేలకు పైమాటే. అంటే ఒకటి రెండు ప్రయోగాల కోసం చేసిన యంత్రం కాదు, వందల లెక్కన తయారై వంద రకాల పనులు చేసిన యంత్రం.

దీనికి మన తెలంగాణతో దగ్గరి చుట్టరికం ఉంది. హెలికాప్టర్ పైలట్లకు శిక్షణ ఇచ్చే వైమానిక దళ పాఠశాల మన హకీంపేటలోనే ఉంది. అక్కడ పిల్లలు నేర్చుకునేది చేతక్ మీదే. చేతక్‌కు 60 ఏళ్లు నిండినప్పుడు, 2022 ఏప్రిల్ 2న, ఉత్సవం చేసింది కూడా హకీంపేటలోనే. రక్షణ మంత్రి వచ్చారు. మనిషైతే ఉద్యోగ విరమణ చేసే వయసు అది. ఈ యంత్రం అప్పటికీ పనిలోనే ఉంది.

ఇన్నేళ్లు ఎలా నిలబడింది? నా పని గేర్‌బాక్సులు, కాబట్టి ఇంజనీరుగా రెండు సంగతులు చెప్తాను.

మొదటిది. దీని ఇంజనుకు 870 హార్స్‌పవర్ ఇచ్చే సత్తా ఉంది. కానీ కట్టినవాళ్లు దాదాపు 570 దాకే వాడుకోనిచ్చారు. మిగతాది కావాలనే దాచారు. ఎందుకు? ఎండ ఎక్కువైతే గాలి పలచబడుతుంది. ఎత్తుకు పోయినా అంతే. పలచని గాలిలో రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజనుకు ఊపిరి తగ్గుతుంది. మామూలు ఇంజను నల్లగొండ మే నెల ఎండకే నీరసపడుతుంది. దీనికి లోపల నిల్వ ఉంది కాబట్టి తట్టుకుంటుంది. 1960లో అలూయెట్ 3 ఏడుగురితో మౌంట్ బ్లాంక్ శిఖరం మీద దిగింది. అదే సంవత్సరం హిమాలయాల్లో 6 వేల మీటర్ల ఎత్తున దిగింది. ఇదే ఇంజనును అలూయెట్ 2 చట్రంలో పెట్టి, మన హిమాలయాల అవసరం కోసం చేసిందే చీతా. అదే రకం హెలికాప్టర్లో 1972 జూన్ 21న జాన్ బూలే అనే పైలట్ 12,442 మీటర్ల ఎత్తుకు పోయాడు. అక్కడ ఇంజను ఆగిపోయింది. రెక్కలు గాలికే తిరుగుతుండగా క్షేమంగా కిందికి దిగాడు.

రెండోది. ఇంజను లోపలి చక్రం నిమిషానికి 33 వేలకు పైగా తిరుగుతుంది. పైన రెక్కలు తిరిగేది నిమిషానికి 350 చిల్లర. అంటే వేగాన్ని దాదాపు 95 రెట్లు తగ్గించాలి. ఆ పని గేర్లది. గేరు పళ్ల మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా శబ్దం మారుతుంది, వేడి పుడుతుంది, చివరికి విరుగుతుంది. చేతక్‌లో గేరు, షాఫ్టు, కీలు, అన్నీ చెయ్యి పెట్టి చూడగలిగినట్టు కట్టారు. ఇంజనుకు మూత లేకపోవడం నాకు చిన్నప్పుడు పేదరికంలా కనిపించింది. మెకానిక్కుకు అదే వరం.

ఇంత చెప్తే సరిపోతుందా? నేనూ అదే అనుకున్నాను. గోవాలో హెలికాప్టర్ పక్కనున్న బోర్డు మీద కూడా ఇలాంటి సంగతులే, ఇంతకంటే తక్కువ, రాసి ఉన్నాయి. నేను ఫోటో తీసుకుని కదలబోతుంటే ఒక పెద్దాయన మనవడిని తీసుకుని వచ్చాడు. నౌకాదళంలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. బోర్డు వైపు చూడనే లేదు. తోక వెంట పోయే పొడవాటి షాఫ్టును చూపించి, ఓడ మీద రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని ఎలా తడిమి చూసేవాడో మనవడికి చెప్పాడు. ఉప్పుగాలికి ఏది ముందు తుప్పు పడుతుందో, మంచినీళ్లతో ఎక్కడ కడగాలో చెప్పాడు. ఇంజను మొదలయ్యేటప్పుడు వచ్చే కూత నోటితో చేసి చూపించాడు. "ఈ కూత సన్నగా పైకి పోతే మంచిది, మధ్యలో తడబడితే నేను చెయ్యెత్తి ఆపించేవాణ్ని" అన్నాడు హిందీలో. మనవడు ఆ కూత నేర్చుకుని మ్యూజియం అంతా తిరిగాడు.

ఆ పూట నాకు అర్థమైంది ఏమిటంటే, మ్యూజియం యంత్రం ఒంటిని దాస్తుంది. ఆ యంత్రం గురించిన తెలివిడి మనిషిలో ఉంటుంది. మనిషి పోతే ఆ తెలివిడి పోతుంది, తర్వాత అక్కడ మిగిలేది రంగు వేసిన రేకు.

ఇది నాకు కొత్తగా తెలిసిన సంగతి కాదు. ఒకసారి నా తప్పు వల్ల తెలిసింది. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కర్మాగారంలో గేర్‌బాక్సులు బిగించే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. మన పాలమూరు మనిషే. ముప్పై ఏళ్ల అనుభవం. గేర్ల మధ్య సందు సరిచేసే పల్చటి రేకులను ఆయన పెడితే గేర్‌బాక్సు చప్పుడు చేయకుండా తిరిగేది. డ్రాయింగులో కొలతలున్నాయి కదా అని నేను ఎప్పుడూ ఆయన్ని ఏమీ అడగలేదు. రిటైరైన రోజు శాలువా కప్పాను, పొగిడాను, ఫోటో దిగాను. తర్వాతి నెల నుంచి గేర్‌బాక్సులు అరవడం మొదలైంది. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, అరుపు పోలేదు. నాలుగు నెలలు కొట్టుకున్నాం. చివరికి సిగ్గు విడిచి ఆయన ఊరికి పోయాను. అప్పటికి ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నన్ను గుర్తుపట్టాడు. కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు. నేను అడిగింది అర్థమైంది. ఎడమచేతి వేళ్లతో మంచం పట్టె మీద ఏదో తట్టి చూపించాడు, రెండుసార్లు మెల్లగా, ఒకసారి గట్టిగా. ఆగి చెవి వంచాడు. మళ్లీ తట్టాడు. బిగించేటప్పుడు తట్టి, చప్పుడు విని సరిచేసేవాడని మాత్రం నాకు తెలిసింది. ఏ చప్పుడు మంచిదో ఆయన చెప్పలేకపోయాడు. ఆ పని మాకు మళ్లీ పట్టుబడడానికి ఇంకో సంవత్సరం పట్టింది. నేను ఒక గంట ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఉంటే సరిపోయేది. అంతకుముందు నాకు ఆ గంట దొరకలేదు.

హెలికాప్టర్ అంటే మనలో చాలామందికి నాయకుల సవారీ. మా అక్కకు మాత్రం కాదు. అక్కను అలంపూర్ వైపు ఇచ్చాం. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ కలిసి పొంగినప్పుడు వాళ్లు రెండు రోజులు డాబా మీదే ఉన్నారు. పైనుంచి తిండి పొట్లాలు పడ్డాయి. అది చేతకో, పెద్ద ఎంఐ-8ఓ అక్కకు తెలియదు. "చప్పుడు ఇనబడంగనే పానం లేచొచ్చిందిరా" అంటుంది ఇప్పటికీ. ఆ చప్పుడు సరిగ్గా రావడం వెనక, ఏదో ఒక ఎయిర్‌బేస్‌లో గోవా పెద్దాయనలాంటి ఒక మనిషి తెల్లవారుజామున చేసిన పని ఉంటుంది. ఆ పని ఆయనకు ఇంకెవరో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పి ఉంటారు.

ఇక షెడ్డు సంగతి. కొత్త డిజిటల్ క్లాసురూముల కోసం పెంకుల షెడ్డు తీసేస్తున్నారు. మంచి పనే. మన సంఘమే డబ్బులు పోగేసింది, నేనూ ఇచ్చాను. పిల్లలకు కొత్త గదులు కావాలి. లోపలి సామాను పాత ఇనుము కింద తూకానికి వేస్తామని తీర్మానం చేశాం. ఆ తీర్మానం మీద చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను.

నిన్న సాయంత్రం తాళం తీయించి లోపలికి పోయాను. పాదరసం లేని బారోమీటరు ఉంది. గాజు జాడీలున్నాయి. అడుగున కుళాయి పెట్టిన ప్లాస్టిక్ బకెట్లు రెండున్నాయి. ఈ బకెట్లు ఎందుకో ఇప్పటి పిల్లలకు తెలుసా? బోరునీళ్లలో ఫ్లోరైడు వల్ల మన ఊళ్లలో నడుములు వంగిపోయిన రోజుల్లో నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ ఒక పద్ధతి కనిపెట్టింది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పి, పేర్చి, పైతేట తీసుకోవడం. దానికి ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అని పేరు. మన జిల్లా పేరు అట్లా పుస్తకాలకెక్కింది. సారు ఆ బకెట్లతోనే మాకు చేసి చూపించారు, మా ఇళ్లలో చేయించారు. ఇప్పుడు నల్లాల్లో కృష్ణ నీళ్లు వస్తున్నాయి, సంతోషం. కానీ చెప్పేవాళ్లు లేకపోతే అవి ఉత్త బకెట్లే.

మూలకు గోడకానించి ఒక సైకిల్ చక్రం ఉంది. రిమ్ము చుట్టూ తుప్పు పట్టిన ఇనుప తీగ. తూకానికి వేస్తే రెండు కిలోలు కూడా రాదు. నేను దాన్ని గుర్తుపట్టాను కాబట్టి చేతిలోకి తీసుకున్నాను. నేను కాక ఇంకెవరైనా పోయి ఉంటే దాన్ని కాలితో పక్కకు నెట్టేవారు. అది వాళ్ల తప్పు కాదు. దాని మీద ఏమీ రాసి లేదు.

నేను షెడ్డు ఆపమనడం లేదు. పెద్ద మ్యూజియం కట్టమనడం లేదు. కొత్త భవనంలో మెట్ల కింద ఒక అల్మారా, నాలుగు అరలు చాలు. కానీ అల్మారా కంటే ముందు కావలసింది ఇంకొకటుంది. ఒక్కో వస్తువు సారు చేతికి ఇచ్చి, "సార్, ఇదేంది, దీంతో మీరు ఏం చేసి చూపించిన్రు" అని అడగాలి. ఆయన చెప్పింది చెప్పినట్టు రాయాలి, ఫోనులో రికార్డు చేయాలి. ఆ పని పదో తరగతి పిల్లలే చేయాలి, మనం కాదు. వాళ్లు అడిగే ప్రశ్నలు మనకు రావు. ఒక పిల్లో, పిల్లగాడో వేపచెట్టు కింద ఆ చక్రం పట్టుకుని ఒకసారి తిరగాలి కూడా.

సారుకు ఎనభై దాటాయి. మాట గట్టిగా ఉంది, జ్ఞాపకం మనకంటే బాగుంది. నేను ఒకసారి ఆలస్యం చేసి ఒక మనిషి మంచం పక్కన నిలబడ్డాను. ఇంకోసారి అట్లా నిలబడలేను.

హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు. షెడ్డు తీసేదాకా ఇరవై రోజులుంది. రేపు ఆదివారం పొద్దున తొమ్మిదింటికి తాళం తీస్తాం. సారును ఇంటి దగ్గరనుంచి నేనే తీసుకొస్తాను. వచ్చేవాళ్లు ఒక నోటుబుక్కు, ఒక పాత గుడ్డ తెచ్చుకోండి. దుమ్ము చాలా ఉంది.

సెలవు.